విండోస్ నుంచి లినక్స్‌కు (3వ పాఠం): పాత తెలుగు ఫైళ్లను ముందుగా సిద్ధం చేసుకోవడం

రెండవ పాఠంలో విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22ను పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్‌ను నడిపి చూశాం. వైఫై దొరికిందా, శబ్దం వస్తోందా, ప్రింటర్ కాగితం తీస్తోందా అన్న ప్రశ్నలకు మీరు రాసుకున్న జవాబులను జాగ్రత్తగా దాచండి, ఐదవ పాఠంలో వాటితో పని ఉంది. ఈ పాఠంలో లినక్స్ ప్రస్తావన తక్కువగా ఉంటుంది. ఈసారి చేయవలసిన పనిలో చాలా భాగం మీ పాత విండోస్‌లో కూర్చుని చేయవలసిందే, ఎందుకంటే దానిని తుడిచివేసిన తరువాత ఇదే పని ఎన్నో రెట్లు కష్టమవుతుంది.

గుంటూరు అరండల్‌పేటలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతూ పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, మిర్చి యార్డు కమీషన్ దుకాణాలకు తక్‌పట్టీ (సరుకు అమ్మకపు లెక్క చీటీ) పుస్తకాలు కంపోజ్ చేసేవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. ఈ సెంటర్లలో ఇంకా చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. వాటికి లినక్స్ మరికొన్నేళ్ల ఆయుష్షు ఇస్తుంది. అయితే ఆ కంప్యూటర్లలో పదిహేను, ఇరవై ఏళ్లుగా పేరుకున్న తెలుగు ఫైళ్లు ఉన్నాయి. యంత్రం మారడం ఒక పూట పని, ఈ ఫైళ్లను దాటించడం కొన్ని వారాల పని.

ఈ విషయం నాకు తెలిసివచ్చిన సందర్భం చెప్పాలి. బ్రాడీపేటలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తన తండ్రిగారు రాసిన శతకాన్ని నా చేత కంపోజ్ చేయించి, అచ్చు వేయించుకుని, ఫైలును సీడీలో రాయించుకుని వెళ్లారు. కొన్నేళ్ల తరువాత రెండవ ముద్రణ కోసం ఆ సీడీతో మళ్లీ వచ్చారు. ఈలోగా నేను కంప్యూటర్ మార్చాను, పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్తదానిలో వేయలేదు. ఫైలు తెరిస్తే పద్యాల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, నక్షత్రాలు, డాలరు గుర్తులు వరుసలు కట్టి కనిపించాయి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "బాబూ, నాన్నగారి పద్యాలేవీ?" అని అడిగారు. అచ్చు పుస్తకం ఒక ప్రతి ఆవిడ దగ్గర ఉండబట్టి 108 పద్యాలనూ మళ్లీ టైపు చేసి ఇచ్చాను. ఆ ప్రతి కూడా లేకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

అలా ఎందుకు జరిగిందో అర్థమైతే ఈ పాఠంలో మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరానికి కంప్యూటర్‌లో సొంత సంఖ్య ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలోనే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కల బొమ్మలను ఫాంటు తయారుచేసినవారు అమర్చారు. మనం తెర మీద 'గుంటూరు' అని చదువుతున్నప్పుడు ఫైలులో నిజంగా ఉన్నది ఆ ఇంగ్లీషు గుర్తుల వరుస మాత్రమే. ఫాంటు ఉన్నంతవరకు అది గుంటూరు, ఫాంటు తీసేస్తే ఏ భాషకూ చెందని గీతల గుంపు. పైగా ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా నిర్ణయించుకుంది కనుక, ఒకరి ఫాంటుతో టైపు చేసిన ఫైలు మరొకరి ఫాంటుతో చదవడానికి వీలుకాదు.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల గది ఒకటి కేటాయించారు. అందులో గ-కు ఒక సంఖ్య, ఉకారపు కొమ్ముకు ఒక సంఖ్య, సున్నాకు ఒక సంఖ్య శాశ్వతంగా ఉంటాయి. మనం పలికే వరుసలోనే అవి ఫైలులో నిలుస్తాయి. ఒత్తు ఎక్కడ వేలాడాలి, కొమ్ము ఎటు తిరగాలి అన్నది ఫాంటు చూసుకుంటుంది. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నీ ఈ సంఖ్యలనే గుర్తిస్తాయి కనుక యూనికోడ్‌లో ఉన్న పత్రానికి ఆపరేటింగ్ సిస్టమ్ మారినా భయం లేదు.

దీనిని స్వయంగా పరీక్షించండి. విండోస్ 10లో నోట్‌ప్యాడ్ తెరిచి, యూనికోడ్ కీబోర్డుతో 'గుంటూరు' అని మాత్రమే టైపు చేసి, ఎంటర్ నొక్కకుండా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయండి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే పరిమాణం 21 బైట్లు అని కనిపిస్తుంది. గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము కలిపి ఏడు సంకేతాలు, ఒక్కొక్కదానికి మూడు బైట్లు. 'విజయవాడ' అని రాసి చూసినా లెక్క అంతే వస్తుంది, అది ఎలాగో మీరే విడదీసి చూసుకోండి. ఇప్పుడు ఏదైనా పాత అను ఫైలు నుంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి అదే నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనబడితే అది యూనికోడ్, ఇంగ్లీషు గుర్తుల గందరగోళం కనబడితే అది మార్చవలసిన ఫైలు. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష మరొకటి అక్కరలేదు.

ఈ పరీక్ష తరువాత ఫైళ్లన్నిటినీ మార్చడానికి పూనుకోవద్దు. పదిహేనేళ్ల నాటి శుభలేఖను యూనికోడ్‌లోకి మార్చడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. పని పూర్తయి, ఇక సవరించే అవసరం రాని వాటిని అదే పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఫాంట్లు లోపల ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోండి. ఆ పీడీఎఫ్ లినక్స్‌లోనూ అచ్చంగా అలాగే కనిపిస్తుంది, అలాగే ప్రింటవుతుంది. దానిలో మాటలు వెతకడం, కాపీ చేయడం మాత్రం కుదరదు, ఎందుకంటే లోపల ఉన్నవి ఇంకా ఆ పాత సంకేతాలే. తక్‌పట్టీల నమూనాలు, ఏటా పేర్లు మార్చి అచ్చు వేసే ఉత్సవ ఆహ్వానాలు, రెండవ ముద్రణకు రాగల పుస్తకాలు వంటి సజీవమైన ఫైళ్లను మాత్రమే యూనికోడ్‌లోకి మార్చాలి. వాటికి కూడా ముందు ఒక పీడీఎఫ్ తీసి ఉంచండి, మార్పిడి తరువాత సరిచూసుకోవడానికి అదే ఆధారం.

పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్ గురించి ఒక మాట. దాని చివరి ప్రధాన వెర్షన్ అయిన 7.0 వచ్చింది 2001లో. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోని డ్రా ఆ ఫైళ్లను కొంతవరకు తెరుస్తుంది కాని, అందులోని తెలుగు పాత సంకేతాలలోనే ఉంటుంది. కాబట్టి పేజ్‌మేకర్ పనిచేస్తుండగానే ఒక్కొక్క కథనాన్ని (వచన భాగాన్ని) ఎంచుకుని, టెక్స్ట్‌గా ఎగుమతి చేసి, మీ ఫాంటు వెర్షన్‌కు సరిపోయే యూనికోడ్ కన్వర్టర్‌లో (పాత సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనంలో) వేసి, వచ్చిన ఫలితాన్ని లిబ్రేఆఫీస్ రైటర్‌లో పేస్ట్ చేసుకోవాలి. లిబ్రేఆఫీస్ విండోస్ మీద కూడా ఉచితంగా నడుస్తుంది కనుక ఈ అలవాటును ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మొదట ఒకే ఒక పేజీతో ప్రయత్నించి, కన్వర్టర్ మీ ఫైలును సరిగా గుర్తిస్తోందని నిర్ధారించుకున్న తరువాతే మిగతావాటి జోలికి వెళ్లండి.

కన్వర్టర్ ఎంత మంచిదైనా ప్రూఫ్ తప్పదు. నేను ఎక్కువగా చూసిన పొరపాట్లు రెండు. మొదటిది, తెలుగు మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు. ఫైలులో తెలుగూ ఇంగ్లీషూ ఒకే రకం గుర్తులుగా ఉన్నందువల్ల, కన్వర్టర్ ఆ ఇంగ్లీషు మాటను కూడా తెలుగు ముక్కలుగా భావించి అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. శుభలేఖలో వరుడి డిగ్రీ, ఉద్యోగం చేసే సంస్థ పేరు వంటివి ఇలాగే పాడవుతాయి. వాటితోపాటు ఫోన్ నంబర్లను, తేదీలను, ముహూర్తం వేళను పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె చొప్పున పోల్చాలి.

రెండవది మన ఊళ్ల పేర్లలోనే కనిపిస్తుంది. యూనికోడ్‌లో పొల్లు హల్లు పక్కన మరొక హల్లు వస్తే ఫాంటు దానిని ఒత్తుగా మార్చివేస్తుంది. అందువల్ల 'అరండల్‌పేట' కాస్తా 'అరండల్పేట' అవుతుంది, 'గవర్నర్‌పేట' కాస్తా 'గవర్నర్పేట' అవుతుంది. పాత ఫాంట్లలో పొల్లు ఒక విడి బొమ్మ కనుక ఈ సమస్య ఉండేది కాదు. రెండు హల్లుల మధ్య కంటికి కనిపించని, వెడల్పు లేని ఒక విడదీత గుర్తును ఉంచితే పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో కర్సర్‌ను పొల్లు తరువాత ఉంచి, కీబోర్డును ఇంగ్లీషులోకి మార్చి, 2, 0, 0 అంకెలు, వాటి వెంట సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కితే ఆ గుర్తు వచ్చి చేరుతుంది. ఎక్కువసార్లు వచ్చే పేర్లను ఒకసారి సరిచేసి, 'వెతుకు, మార్చు' సదుపాయంతో పత్రమంతటా ఒకేసారి సవరించవచ్చు. ఇది చిన్న గుర్తే, కాని ఒక కుటుంబం చిరునామాను సరిగ్గా అచ్చు వేయడం మన వృత్తి ధర్మం కనుక దీనిని ఉపేక్షించవద్దు.

ఫాంట్ల అందం విషయంలో చాలామందికి సందేహం ఉంటుంది. అనులో ఉన్న వైవిధ్యం యూనికోడ్‌లో ఏదని అడుగుతారు. సంఖ్యలో ఇంకా తక్కువే, కాని రోజువారీ పనికి లోటు లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న, గిడుగు, ధూర్జటి వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారపరంగా వాడుకోవడానికీ అనుమతి ఉంది. పుస్తకం లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర నాకు నచ్చిన జోడీ. పేజీ అమరిక కోసం లినక్స్‌లో స్క్రైబస్ 1.6 ఉంది, తెలుగు ఒత్తులను అది సరిగానే కూరుస్తుంది.

వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు (ఆ పేరున్న తెలుగు మీటల అమరిక) పోతుందన్న బెంగ కూడా అక్కరలేదు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సదుపాయానికి ఎం17ఎన్ అనే అనుబంధం చేర్చుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన పద్ధతులతోపాటు ఆపిల్ కూడా కనిపిస్తుంది. దానిని అమర్చుకునే విధానం ఆరవ పాఠంలో వస్తుంది.

ఫైళ్లు సిద్ధమయ్యాక బయటి హార్డ్‌డిస్క్ మీదకు కాపీ చేయండి. ఆ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. కాపీ అయిందని తెర చెప్పినంతమాత్రాన నమ్మవద్దు, మరో కంప్యూటర్‌కు తగిలించి పది ఫైళ్లయినా తెరిచి చూడండి. పాత ఫాంట్ల ఫోల్డర్‌ను, సాఫ్ట్‌వేర్ సీడీని, దాని తాళం పరికరం (డాంగిల్) ఉంటే దానిని కూడా అదే పెట్టెలో భద్రపరచండి.

విండోస్‌లో మరో రెండు పనులు మిగిలాయి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి, లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉండి, లినక్స్ నుంచి ఆ డిస్క్ మీద రాయడానికి వీలు లేకుండా చేస్తుంది. ల్యాప్‌టాప్ అయితే డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉందేమో చూసి, పడి ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి.

దుకాణంలో ట్యాలీ నడుస్తున్నా, జీఎస్టీ కోసం డిజిటల్ సంతకపు టోకెన్ వాడుతున్నా, ఆ కంప్యూటర్‌ను ఇప్పుడే మార్చవద్దన్నది నా నిశ్చితాభిప్రాయం. ట్యాలీ విండోస్ కోసం తయారైనది. అలాంటి చోట ఒక యంత్రాన్ని విండోస్‌లోనే ఉంచి, కంపోజింగ్ చేసే యంత్రాన్ని మార్చుకోవడం మేలు. సమయం కూడా ముఖ్యమే. యార్డుకు మిర్చి పోటెత్తే నెలల్లో తక్‌పట్టీ పుస్తకాల ఒత్తిడి ఉంటుంది, ముహూర్తాల రోజుల్లో శుభలేఖల ఒత్తిడి ఉంటుంది. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చి, ముహూర్తాలు కూడా పలచబడిన వారాన్ని ఎంచుకుంటే నిదానంగా చేసుకోవచ్చు.

వచ్చే పాఠానికి అభ్యాసం ఇది. మీ సజీవమైన ఫైళ్లలో అన్నిటికన్నా చిన్నదాన్ని ఒకదాన్ని తీసుకుని, పీడీఎఫ్ తీసి, యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫ్ దిద్ది, ఎంత సమయం పట్టిందో రాసుకోండి. తరువాత రెండవ పాఠంలో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లినక్స్‌లో ప్రారంభించి, ఆ యూనికోడ్ పత్రాన్ని, పీడీఎఫ్‌ను, మార్చని పాత ఫైలును మూడింటినీ బయటి హార్డ్‌డిస్క్ నుంచి తెరవండి. ఏది ఎలా కనిపించిందో రాసుకుని రండి. నాలుగవ పాఠంలో హార్డ్‌డిస్క్‌ను భాగాలుగా విభజించడం మొదలుపెడతాం. బయటి డిస్క్ మీద ఉన్న ప్రతిని సరిచూసుకోనివారు ఆ పాఠంలోకి అడుగు పెట్టవద్దని ముందే మనవి చేస్తున్నాను.