కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపల ఇల్లు సర్దే అలవాటు

మా ఇంట్లో కత్తెరలు ఆరు ఉండేవి. ఆరు ఎందుకంటే కావాల్సినప్పుడు ఒక్కటీ దొరికేది కాదు గాబట్టి. పోయినేడు శ్రావణమాసంలో ఒకరోజు పాల ప్యాకెట్ కూడా పళ్ళతో చింపి, సాయంత్రం బజారుకు పోయి కొత్తది కొనుక్కొచ్చి, దాన్ని పెడదామని టీవీ కింద డ్రాయర్ తెరిస్తే అందులో రెండు కత్తెరలు, పనిచేయని మూడు రిమోట్లు, ఎవరిదో పెళ్ళిపత్రిక, సగం అయిపోయిన అమృతాంజనం సీసా. అప్పుడు అర్థమైంది, కత్తెరకు ఇంట్లో ఒక చోటంటూ లేక వచ్చిన తిప్పలు ఇవన్నీ అని.

అప్పట్నుంచి నేను ఏం చేస్తే నిలబడింది, ఏం చేస్తే వారంలో గాలికి పోయింది అనేది రాస్తా, పనికొస్తే వాడుకోండి. మాది కర్నూలు. రెండు గదులు, వంటిల్లు, పైన మిద్దె, ఇంట్లో మా అత్త, మా ఆయన, ఇద్దరు పిల్లోల్లు.

ముందు పండగ దులుపుడు గురించి చెప్పాల. ఉగాదికి, దసరాకి మన ఇళ్ళల్లో ఎట్ల ఉంటాదో తెలుసు కదా, అటక మీద బోకులన్నీ దింపి, చింతపండేసి తోమి, మిద్దె మీద ఎండకు ఆరబెట్టి, సాయంత్రానికి మళ్ళా అదే అటక మీద అదే వరసలో ఎక్కిస్తాం, మూడు రోజులు నడుం పట్టుకుపోతాది, తీరా చూస్తే ఒక్క గిన్నె కూడా ఇంట్లోంచి బయటికి పోయి ఉండదు. దాన్ని సర్దడం అనరు, సామాన్లకు స్నానం చేయించడం అంటారు. పైగా ఏడాదికి రెండుసార్లు ఇంత కష్టపడతాన్నాం కదా అని మిగతా రోజులు ఏదీ పట్టించుకోం. నేనైతే ఈ పండగ దులుపుడే మన చెత్తకు అసలు కారణం అంటా, కోపగించుకున్నా సరే.

మన ఇళ్ళల్లో ఇంకో సమస్య కడప బండలు. ఇల్లు కట్టేటప్పుడు చవగ్గా వస్తాయని ప్రతి గోడకు నల్లబండ అరలు పెట్టించేస్తాం, తలుపు ఉండదు, ఏం ఉండదు, బండ కనపడితే చెయ్యి ఊరుకోదు. ఫోను, తాళాలు, టాబ్లెట్లు, చిల్లర, అన్నీ దాని మీదికే.

సరే, అలవాటు సంగతికొస్తా. కొత్త అలవాటు విడిగా నిలబడదు, రోజూ ఎట్లాగూ జరిగే పనికి దాన్ని ముడేయాల. 21 రోజులు చేస్తే అలవాటైపోతాదని అందరూ చెప్తారు కదా, అంత సులభం కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని పెట్టి ఒక పరిశోధన చేసి 2009లో బయటపెట్టినారు, ఏదైనా ఒక చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో, అంటే టిఫిన్ తర్వాత అనో ఇంకేదో తర్వాత అనో చేయమన్నారు. అది ఆలోచించకుండానే జరిగిపోయేదానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. నాకు ధైర్యమిచ్చింది ఏందంటే, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదంట. ఊరికి పోయొచ్చి నాలుగు రోజులు వదిలేసినా అని అలవాటు పోయినట్టు కాదు, మళ్ళా మొదలుపెట్టుకోవచ్చు.

నేను ముడేసింది కుక్కర్‌కి. మా ఇంట్లో రోజూ పొద్దున పప్పు పెట్టాల్సిందే, మూడు విజిల్స్, మంట మీద ఆధారపడి ఒక పది పన్నెండు నిమిషాలు. ఇంతకుముందు ఆ టైంలో ఫోన్ చూసుకుంటా నిలబడేదాన్ని. ఇప్పుడు మూత బిగించినాక వెంటనే వెదురు బుట్ట ఒకటి చేతికి తీసుకుంటా. ముందు స్టవ్ పక్కన కిటికీ కింద బండ. నిన్నటి లెక్క చెప్తా, ఒక రబ్బరు బ్యాండు, స్కూల్ ఫీజు రసీదు, రెండే మాత్రలు మిగిలిన పారాసిటమాల్ షీటు, రెండు రూపాయల బిళ్ళ, పాప జడ క్లిప్పు, మా ఆయన అద్దాలు. వంటింటికి సంబంధం లేనివన్నీ బుట్టలోకి. మొదటి విజిల్‌కి వంటిల్లు అయిపోవాల, రెండో దానికి హాల్లో ఉండాల, కుర్చీ మీద బట్టలు, టీపాయ్ మీద కాయితాలు ఏరుకుంటా, తర్వాత ఒక్క చుట్టు తిరిగి బుట్టలోవి ఎక్కడివి అక్కడ పెట్టేస్తా. మూడో విజిల్ వస్తే ఆపేస్తా. సగంలో ఉన్నా సరే ఆపాల, ఇదే ముఖ్యం. మొదట్లో ఉత్సాహంగా గంటసేపు సర్ది, మరుసటిరోజు బుట్ట చూస్తేనే నీరసం వచ్చి మానేసినా, రెండుసార్లు జరిగింది అట్ల.

ఈ ఎక్కడివి అక్కడ అనేదానికి ముందు ఎక్కడ అనేది ఉండాల కదా. వస్తువు చోటు అందంగా కనపడే దగ్గర పెట్టొద్దు, వాడే దగ్గర పెట్టండి. కత్తెర ఎక్కువ వాడేది వంటింట్లో, పాల ప్యాకెట్లకు, మసాలా ప్యాకెట్లకు, అందుకే ఒకదానికి పురికొస కట్టి ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించినా, పురికొస పొడుగు ఎంతంటే గట్టు దాకా వస్తాది, హాల్లోకి రాదు. ఒకటి మిషన్ డబ్బాలో, ఒకటి పిల్లోల్ల పుస్తకాల దగ్గర. మిగతా మూడూ అడిగినోళ్ళకు ఇచ్చేసినా. బండి తాళాలు షోకేస్‌లో పెట్టాలని మా ఆయన పట్టు, ఎవరూ షోకేస్ దాకా నడవరు, చెప్పులు విడిచే చోట గోడకు కొక్కెం కొట్టించినాక ఇప్పుడు ఆయనే తగిలిస్తాడు. తలుపు లేని బండ అరల్లో ఒక్కో అరకు ఒక్కో డబ్బా పెట్టి ఊరుకున్నా, డబ్బా నిండితే ఆ అర నిండినట్టే, పక్కకు పొర్లనియ్యకూడదు.

తర్వాత గడప. లోపల ఎంత సర్దినా గడప దాటి వచ్చేది ఆగకపోతే ఓటి కుండలో నీళ్ళు పోసినట్టే. మన దగ్గర వచ్చేవి ఏవంటే, బిర్యానీ పార్సిల్ ప్లాస్టిక్ డబ్బాలు, తలుపు వెనక పెద్ద కవర్లో నూరు చిన్న కవర్లు, గృహప్రవేశాల్లో, సీమంతాల్లో ఇచ్చే స్టీలు గిన్నెలు, పసుపు కుంకుమ డబ్బాలు, అందరూ పెట్టే జాకెట్ పీసులు. జాకెట్ పీసులు ఒక్క సంచిలో, మనం ఎవరికన్నా పెట్టాల్సొస్తే ముందు ఆ సంచి చూసి తర్వాతే బజారుకు. ప్లాస్టిక్ డబ్బాలు మా ఇంట్లో ఆరే, ఏడోది వస్తే పాతది ఒకటి పోవాల. కొత్త చీరొస్తే పాతది ఒకటి. కష్టమే, ఒప్పుకుంటా.

ఇక్కడొక మోసం ఉంది జాగ్రత్త. వీధిలోకి పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వస్తాది. నేను బీరువా ఖాళీ చేసి పది చీరలు, నాలుగు ప్యాంట్లు వేసి బేరమాడి గంటసేపు కొట్లాడి ఒక పెద్ద బేసిన్ తీసుకున్నా, ఇంట్లో గెలిచినట్టు చూపిచ్చినా. బీరువాలో ఉన్న చెత్త అటక మీదికి పోయింది, అంతే కదా. పాత ప్లాస్టిక్‌కు ఎర్రగడ్డలు ఇచ్చే బండాయన నయం, ఎర్రగడ్డలు పది రోజుల్లో తినేస్తాం. అట్లని ఎప్పుడు పడితే అప్పుడు ఇచ్చేదానికి లేదు మా ఇంట్లో, శుక్రవారం లక్ష్మీదేవి, ఇంట్లోది బయటికి ఇయ్యగూడదంటాది మా అత్త. అందుకే ఆదివారం పెట్టుకున్నా, ఆ రోజుకి సంచి తలుపు దగ్గరే సిద్ధంగా ఉంటాది.

పారేయాల్నో ఉంచాల్నో తేలనివి ఉంటాయి చూడండి, వాటికి మా తమ్ముడు చెప్పిన ఉపాయం. వాడు ఫ్యాక్టరీలో చేస్తాడు, పనిచేసే చోటు సర్దిపెట్టుకునే జపాన్ వాళ్ళ ఫైవ్ ఎస్ పద్ధతి అంట, అనుమానం ఉన్న వస్తువుకు ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెడతారు, గడువులోపల ఎవరూ అడగకపోతే తీసేస్తారు. నేను గోనెసంచిలో వేసి మూతి కట్టి పైన తేదీ రాసి మంచం కింద తోస్తా, ఆర్నెల్లు. తెరిచి చూడగూడదు, చూస్తే ప్రతిదీ ముద్దొస్తాది. మొదటి సంచిలోంచి ఆర్నెల్లలో మేం వెతుక్కున్నది ఒకే ఒకటి, ఇడ్లీ రేకుల మధ్య కడ్డీ.

మిద్దె మీదికి కూడా పోవాల. పగిలిన బక్కెట్లు, టెంకాయ చిప్పలు, పాత టైర్, కూలర్ అడుగున నీళ్ళు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగిరేదానికి వారం పది రోజులు చాలు, కాబట్టి వారానికొకసారి నీళ్ళు వంచేసి ఆరబెడితే సరిపోతాది. శుక్రవారం ఎట్లాగూ ఇల్లు కడుగుతాం కదా, అదే చేత్తో మిద్దె ఎక్కితే పది నిమిషాలు.

కాయితాల గురించి మాత్రం మా ఊర్లో వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినాయి. మా అత్తవాళ్ళు కట్టుబట్టలతో పైకెక్కినారు. నీళ్ళు తీసినాక చూస్తే ట్రంకు పెట్టెలో పొలం పాస్‌పుస్తకం, రిజిస్ట్రేషన్ పత్రాలు, పిల్లోల్ల సర్టిఫికెట్లు అన్నీ బురద ముద్ద. డూప్లికేట్లకు ఎన్నేండ్లు తిరిగినారో. కాబట్టి ముఖ్యమైనవన్నీ ఒకే ఫైల్లో, జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లో, అన్నిటికన్నా పై అరలో, ఒక్క చేత్తో తీసుకొని పోయేటట్టు. ప్రతిదీ ఫోన్లో ఫోటో తీసుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. ఆధార్, లైసెన్స్ లాంటివి ప్రభుత్వం వాళ్ళ యాప్ డిజిలాకర్‌లో పెట్టుకోండి, ఒకటి గుర్తుంచుకోండి, డిపార్ట్‌మెంట్ నుంచి నేరుగా అందులోకి వచ్చిన కాపీనే ఒరిజినల్‌తో సమానం, మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు. కరెంటు బిల్లులు, పాత ఫీజు రసీదులు ఇంకో కవర్లో, ఏడాదికోసారి ఏరి పారేస్తా.

ఇంట్లోవాళ్ళు కలిసొస్తారా అంటే, పిల్లోల్లు కొంచెం, వాళ్ళకు చెప్పింది ఒక్కటే, బ్యాగు కొక్కేనికి తగిలించినాకే టీవీ. మా ఆయన సంగతి కొక్కెం దాకే. వేరేవాళ్ళ సామాన్లు వాళ్ళకు చెప్పకుండా పారేయొద్దు, నేను మా ఆయన పాత క్యాసెట్లు తీసేసి నెల రోజులు మాటలు పడినా.

మా అత్తతో ఎక్కువ పని పడింది. ఖాళీ హార్లిక్స్ సీసా పారేద్దామన్నా "ఉండనీ మే, ఎప్పుడన్నా పనికొస్తాది, నీకేం తెలుసు" అనేది. మొదట్లో విసుక్కునేదాన్ని. ఒక రాత్రిలో ఇల్లంతా పోగొట్టుకున్న మనిషికి సీసా కూడా బరువు కాదని నాకు ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు ఆమెకంటూ వంటింట్లో ఒక అర మొత్తం ఇచ్చేసినా, అందులో సీసాలు పెట్టుకుంటాదో చిల్లర పెట్టుకుంటాదో నేను అడగను. పోయిన ఆదివారం సంచి కట్టేటప్పుడు ఆమే వచ్చి రెండు సీసాలు నా ముందు పెట్టి పోయింది.

అటక మీద ఆ ట్రంకు పెట్టె ఇంకా ఉంది, ఒక మూల తుప్పు పట్టి, లోపల నీళ్ళ గీత అట్లనే. ఉగాదికి దించితే మా అత్త మూత తీసి, సగం చెరిగిపోయిన వాళ్ళ పెళ్ళి ఫోటో కొంగుతో తుడిచి, మళ్ళా లోపల పెట్టి మూసింది. "అన్నీ నీ ఇష్టం గానీ అత్తా, ఇది కూడా సంచిలోకేనా" అని నవ్వుతా అడిగినా. "దీన్ని మాత్రం ముట్టొద్దు మే" అనింది. ముట్టలే.