పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి) పరిశోధనకు రక్తం ఇచ్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరం తయారుచేసే హార్మోన్) పరీక్షకు రక్తాన్ని సాధారణంగా ఉదయం 8 గంటల ప్రాంతంలో తీస్తారు కనుక, ఆదోని, ఆలూరు వైపు నుండి కర్నూలుకు వచ్చేవారు ముందు రాత్రే చేరుకోవడం మేలు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు ఫలితాలను తారుమారు చేయగలవు; వైద్యునికి చెప్పి కనీసం 2 రోజుల ముందే ఆపాలి.

స్టెరాయిడ్ల సంగతి వేరు. కీళ్లనొప్పులకు మింగిన మాత్ర, వేయించుకున్న ఇంజెక్షన్, ఆయాసానికి పీల్చే మందు, చర్మానికి పూసిన లేపనం, ఏదైనా సరే తప్పక తెలపాలి. అయితే వైద్యులు చెప్పకుండా ఒక్క మోతాదు కూడా మానకూడదు, ఎందుకంటే హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

కాన్పులో అధిక రక్తస్రావమై, తరువాత పాలు పడని, నెలసరి తిరిగి రాని స్త్రీలు ఆ విషయం దాచకూడదు. కాన్పులో అధిక రక్తస్రావం వల్ల పిట్యూటరీ దెబ్బతినే షీహాన్ సిండ్రోమ్‌ను గుర్తించడానికి అది ముఖ్యమైన ఆధారం.

సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివించుకున్నాకే సంతకం చేయాలి. ఆ తరువాతైనా ఎప్పుడైనా వైదొలగవచ్చు.