వానాకాలానికి ముందు: టో బార్ లేని ట్రాక్టర్లతో విమానాలను కదిలించేవారికి జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్‌లో తెలుగు రాష్ట్రాలను చేరుకుంటాయి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఈదురుగాలులతో, పిడుగులతో కూడిన వానలు అంతకు ముందే మొదలవుతాయి. శంషాబాద్ వంటి విమానాశ్రయాల్లో గేటు నుంచి విమానాలను వెనక్కి నెట్టేవారు, మరమ్మతుల హాంగర్లకు లాక్కెళ్లేవారు ఈ మార్పుకు ముందుగానే సిద్ధం కావాలి. టో బార్ లేకుండా, నోస్ వీల్‌ను (విమానం ముక్కు కింది చక్రాన్ని) పైకెత్తి పట్టుకొనే ట్రాక్టర్లను నడిపేవారికి ఈ అవసరం మరీ ఎక్కువ.

పాత పద్ధతిలో ట్రాక్టర్‌కూ విమానానికీ మధ్య టో బార్ అనే పొడవాటి కడ్డీ ఉంటుంది. లాగుడు గానీ మెలిక గానీ హద్దు మీరినప్పుడు అందులోని షియర్ పిన్ ముందుగా తెగిపోయి నోస్ గేర్‌ను, అంటే ముందు చక్రాన్ని మోసే కాలును, కాపాడుతుంది. చక్రాన్ని క్రేడిల్ అనే తొట్టిలో బిగించి ఎత్తే ట్రాక్టర్‌లో అలా తెగిపోయే భాగం ఏదీ ఉండదు. అక్కడ రక్షణగా ఉండేవి హెచ్చరిక వ్యవస్థ, ఆపరేటర్ చేతి నిదానం మాత్రమే. ఢిల్లీలో 2019 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఎ320 విమానాన్ని ప్రయాణికులతో సహా నడిపించిన ట్యాక్సీబాట్ అనే ట్రాక్టర్‌లో నోస్ గేర్ మీద పడే బలాలను అదుపు చేసే ప్రత్యేక ఏర్పాటు ఉంది. దాన్ని చూసి మామూలు ట్రాక్టర్లన్నిటికీ అదే భద్రత ఉందని అనుకోకూడదు.

అందుకే బయలుదేరే ముందు ప్యానెల్ మీద ఎంచుకున్న విమాన రకం, ఎదుట నిలబడి ఉన్న విమాన రకం ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. ఎత్తే ఎత్తు, బిగింపు బలం, తిప్పగల కోణం రకాన్ని బట్టి మారుతాయి. నోస్ గేర్ పై, కింది భాగాలను కలిపే టార్షన్ లింకులు విడదీయకుండా బోయింగ్ 737 నోస్ వీల్‌ను 78 డిగ్రీలకు మించి తిప్పకూడదు. ఎ320కు ఆ హద్దు 95 డిగ్రీలు. ప్యానెల్‌పై ఎ320 ఎంచుకొని 737ను లాగితే, నోస్ గేర్‌కు హాని జరిగిపోయిన తరువాత గానీ హెచ్చరిక మోగకపోవచ్చు. కాక్‌పిట్ నుంచి నోస్ వీల్ తిరగకుండా చేసే స్టీరింగ్ బైపాస్ పిన్ పెట్టిందీ లేనిదీ చేత్తో తాకి నిర్ధారించుకోవాలి, చూపుతో సరిపెట్టుకోకూడదు.

తడి నేల మీద అసలు కష్టం ఆపడంలో ఉంటుంది. ఈ ట్రాక్టర్ తన చక్రాలకు పట్టును కొంతవరకు విమానపు ముక్కు బరువు నుంచే తెచ్చుకుంటుంది. కాక్‌పిట్‌లో కూర్చున్నవారు అత్యవసరంలో తప్ప బ్రేకు వేయరు కనుక డెబ్బై టన్నులకు చేరువైన విమానాన్ని నిలిపే భారం దాదాపుగా ట్రాక్టర్ చక్రాల మీదే పడుతుంది. విమానపు వెనుక సరుకు అరలు ముందుగా నిండితే ముక్కు మీద బరువు తగ్గి, పట్టు కూడా తగ్గుతుంది. వెనుక బరువెక్కిన ఎడ్లబండికి కాడి పైకి లేచినట్లు తోక కుంగే ప్రమాదమూ ఉంటుంది. ఎత్తే ముందు లోడింగ్ ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోవడం ఆపరేటర్ బాధ్యత. మొదటి వానలో, ఏప్రన్ (విమానాలు నిలిపే ఆవరణ) మీద నెలల తరబడి ఇంకిన ఇంధనం, హైడ్రాలిక్ నూనె పైకి తేలి పల్చని పొరగా పరుచుకుంటాయి. రంగు గీతలు తడిసినప్పుడు మరింత జారుతాయి. అప్పుడు వేగం మనిషి నడకను మించకూడదు. మలుపులోకి ప్రవేశించాక కాక, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మలుపులో ట్రాక్టర్ జారిందంటే విమానం దాన్ని పక్కకు నెడుతుంది, నోస్ వీల్ కోణం క్షణాల్లో హద్దు దాటుతుంది.

ట్రాక్టర్‌ను వానలకు సిద్ధం చేసే పని మే నెలలోనే ముగించాలి. క్రేడిల్‌లో, బిగింపు పలకల మీద పేరుకున్న మట్టినీ జిడ్డునూ కడిగించాలి. బ్రేకులు, టైర్ల అరుగుదల, వైపర్లు, దీపాలు, క్యాబిన్ అద్దం మీద ఆవిరి తొలగించే ఫ్యాను, విద్యుత్ కనెక్టర్ల మూతలు పరీక్షించాలి. నేల తడిసిన తరువాత హైడ్రాలిక్ కారుడు కంటికి చిక్కదు కనుక దాన్ని పొడి రోజుల్లోనే కనిపెట్టాలి.

పిడుగు హెచ్చరిక వచ్చినప్పుడు పైలట్‌తో మాట్లాడేందుకు హెడ్‌సెట్ తీగతో విమానానికి అనుసంధానమై ఉన్న వ్యక్తికి ప్రమాదం అందరికన్నా ఎక్కువ. "ఈ ఒక్కటి పూర్తి చేసి ఆపుదాం" అనే మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు. రెక్కల చివర పైకి వంగిన షార్క్‌లెట్లున్న ఎ320 రెక్కల విస్తారం 35.8 మీటర్లు; జోరువానలో ఆ చివరలు క్యాబిన్ నుంచి కనిపించవు. అడ్డంకులు గమనిస్తూ రెక్కల దగ్గర నడిచే ఇద్దరిలో ఏ ఒక్కరు కనుమరుగైనా వెంటనే ఆగాలి.

విడదీసేటప్పుడు తొందర అసలు పనికిరాదు. పార్కింగ్ బ్రేకు వేశామని పైలట్ నోటితో చెప్పాలి, అవసరమైన చోట చక్రాలు కదలకుండా అడ్డు దిమ్మలు (చాక్‌లు) పెట్టాలి, ఆ తరువాతే చక్రాన్ని దించి బిగింపు వదలాలి. ట్రాక్టర్ దూరంగా వెళ్లాక హెడ్‌సెట్ తీసి, బైపాస్ పిన్‌ను బయటకు లాగి, దానికున్న ఎర్రటి పట్టీ కనిపించేలా పైలట్‌కు చూపి సంకేతం ఇవ్వాలి. ముంబయిలో 2015 డిసెంబరులో హైదరాబాద్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం పుష్‌బ్యాక్ (గేటు నుంచి వెనక్కి నెట్టడం) తరువాత, సిబ్బంది ఇంకా పక్కకు తప్పుకోకముందే కదలడంతో ఒక సాంకేతిక ఉద్యోగి ఇంజిన్‌లోకి లాగబడి ప్రాణాలు కోల్పోయారు. వానలో గొడుగులు, రెయిన్‌కోట్ల టోపీలు, మసకబారిన అద్దాలు అలాంటి అపార్థానికి మరింత అవకాశమిస్తాయి. అందరూ పక్కకు వచ్చారని తల లెక్కపెట్టిన తరువాతే తుది సంకేతం ఇవ్వాలి.

తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం విమానాశ్రయాన్ని ఎంతగా దెబ్బతీసిందో ఆ ప్రాంతంవారికి తెలుసు. విమానాల తరలింపును గాలి ముదరకముందే ముగించాలి. గాలి పరిమితి విషయంలో విమానపు మాన్యువల్, ట్రాక్టర్ మాన్యువల్ వేర్వేరు సంఖ్యలు చెబితే తక్కువదాన్నే పాటించాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా కోణం హద్దు దాటినా, గట్టి కుదుపు తగిలినా, హెచ్చరిక ఒక్కసారి మోగి ఆగిపోయినా ఆ సంగతి వెంటనే చెప్పాలి. తెగిన షియర్ పిన్ అందరికీ కనిపిస్తుంది, నోస్ గేర్ లోపలి పగులు మాత్రం పైకి కనిపించదు. చెప్పినవారిని శిక్షించే సూపర్‌వైజర్ ఉన్నచోట ఆ పగులు గాలిలోకి ఎగురుతుంది. కాబట్టి నిజం చెప్పిన ఆపరేటర్‌కు అండగా నిలవడం పర్యవేక్షకుల విధి. ఇంజినీరు పరీక్షించి సంతకం చేసేవరకు ఆ విమానాన్ని ప్రయాణానికి విడుదల చేయకూడదు.