పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ ఉబ్బిందా? ముందు కింది అంచు చూడండి

హైదరాబాద్‌లో నాలుగేళ్లు చెక్కుచెదరకుండా ఉన్న మా వార్డ్‌రోబ్, విశాఖ వచ్చాక రెండో వానాకాలానికే పొంగిపోయింది. సముద్రపు గాలి అన్నారు అందరూ, నేనూ అదే అనుకున్నా. తీరా పక్కకి జరిపి చూస్తే పొంగింది కింద నాలుగు వేళ్ల ఎత్తు మేరకే, పైనంతా కొత్తదానిలా ఉంది. గాలిలో చెమ్మే కారణమైతే పై అంచు కూడా ఉబ్బాలి కదా. అసలు సంగతేంటంటే మా ఇంట్లో రోజూ తడిగుడ్డ పెడతాం, పండగొస్తే మా అమ్మ బకెట్లతో నీళ్లు పోసి కడిగితే గానీ ఇల్లు శుభ్రమైందని ఒప్పుకోదు, ఆ నీళ్లు వార్డ్‌రోబ్ కిందకి పాకి అక్కడే ఉండిపోయేవి. హైదరాబాద్‌లో గంటలో ఆరిపోయేది ఇక్కడ రాత్రికి కూడా ఆరదు.

ఈ బోర్డు ఎలా తయారవుతుందో తెలిస్తే సగం సమస్యలు మనమే పట్టేస్తాం. చెక్క పేళ్లకి, పొట్టుకి జిగురు (ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్) కలిపి వేడి మీద గట్టిగా అదిమితే పార్టికల్ బోర్డు. అటుకులు గుర్తు తెచ్చుకోండి. అదిమిన గింజ నీళ్లు తగలగానే ఉబ్బుతుంది, తర్వాత ఎంత ఎండబెట్టినా మళ్లీ పల్చబడదు. పైగా ఆ జిగురుకి నీళ్లు పడవు. మీదున్న మెలమైన్ (ప్లాస్టిక్ లాంటి నున్నటి) పొర మీద నీళ్లు ఒలికితే తుడిచేస్తే సరిపోతుంది, లోపలికి దూరేదంతా అంచుల్లోంచి, స్క్రూ బెజ్జాల్లోంచి, హింజ్ కోసం తొలిచిన గుంతల్లోంచే.

కింది అంచు ఉబ్బింది, పొర లేచిపోతోంది

కారణం పైన చెప్పిందే, నేల మీది నీళ్లు. ముందు సామాను మొత్తం తీసేసి, ఇద్దరు పట్టుకుని నాలుగు మూలలా ఎత్తి కింద ఏదైనా పెట్టండి. నేను గ్రానైట్ కొట్టువాళ్లు పక్కన పారేసిన ముక్కలు తెచ్చుకున్నా, ఒక్కోటి అంగుళం మందం, పైసా ఖర్చు లేదు. తర్వాత వారం పది రోజులు ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఎండలో పెట్టొద్దు, ఒకవైపే గబగబా ఆరి పలక వంకర తిరుగుతుంది. బాగా ఆరాక పొరలు విడిపోయిన చోట్లలోకి ఫెవికాల్ ఎక్కించి, రెండు చెక్క ముక్కల మధ్య పెట్టి క్లాంపుతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. మునుపటి మందానికి రాదు గానీ రాలడం ఆగుతుంది. మిగిలిన ఉబ్బుని గరుకు కాగితంతో రుద్ది, ఆ అంచుకి ఆయిల్ పెయింట్ గానీ పీయూ (పాలీయురేథేన్) పాలిష్ గానీ రెండు కోట్లు వేయండి. ఆరకముందే రంగు వేస్తే మాత్రం తడిని లోపల పెట్టి మూత వేసినట్టే, నేను మొదటిసారి చేసిన పొరపాటు ఇదే.

కొత్తగా కొన్నవాళ్లు బిగించకముందే ఈ పని చేసేయండి. కంటికి కనపడే అంచులకి మాత్రమే పట్టీ అంటించి, అడుగు అంచుని వట్టిగా వదిలేసిన సామాను చాలా చూశాను. బోర్లా పడుకోబెట్టి అడుగుకి రంగు, స్క్రూ బెజ్జాల నోళ్లకి నెయిల్ పాలిష్ రాస్తే అరగంటలో అయిపోతుంది.

తలుపు వాలిపోయింది, స్క్రూ పట్టట్లేదు

చెమ్మకి మెత్తబడిన పొట్టులో మర నిలవదు, ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించడం వల్ల బెజ్జం ఇంకా వదులవుతుంది. బోర్డు గట్టిగానే ఉంటే అగ్గిపుల్లలు తల విరిచి, ఫెవికాల్‌లో ముంచి బెజ్జం నిండా దూర్చి, మర్నాడు పైకి మిగిలింది కోసేసి అదే స్క్రూ బిగించండి. లోపల పొట్టు పొట్టుగా రాలుతుంటే అగ్గిపుల్లలు పనికిరావు. మెత్తటి భాగమంతా గీకేసి ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద పెట్టి, ఒక రోజు ఆగి, సన్నటి డ్రిల్ బిట్‌తో బెజ్జం వేసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో హింజ్ దగ్గర వేసే స్టీల్ పట్టీలు దొరుకుతాయి, బరువు తలుపులకి అవే మేలు.

వెనక బూజు, బట్టలకి ముక్క వాసన

ఇక్కడ తొందరపడి కలరా ఉండలు వేసేస్తాం, వాసన మీద ఇంకో వాసన వచ్చి కూర్చుంటుంది, బూజు అలాగే ఉంటుంది. సాధారణంగా ఆ గోడకి అవతల బాత్రూమో, వాన కొట్టే బయటి గోడో, ఏసీ గదో ఉంటుంది. ఏదో తేల్చుకోవడానికి జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కని గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. కవరుకి గోడవైపు తడి పట్టిందంటే గోడలోంచే నీళ్లు ఊరుతున్నాయి, ప్లంబర్‌నో మేస్త్రీనో పిలవాల్సిందే, వార్డ్‌రోబ్‌కి ఎన్ని చేసినా వృథా. గదివైపు తడి ఉంటే గాలిలో చెమ్మ చల్లటి గోడ మీద నీరుగా మారుతోంది, అప్పుడు గోడకి నాలుగు వేళ్లు దూరం జరిపితే చాలావరకు తగ్గుతుంది.

వెనకుండే పల్చటి అట్టకి తరచూ లోపలివైపే పొర ఉంటుంది, గోడవైపు వట్టిది. మాస్క్ కట్టుకుని, సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో బూజు తుడిచి (దగ్గర్లో దీపం, స్టవ్ లేకుండా చూసుకోండి), ఆరాక ఆ వట్టి వైపు కూడా రంగు వేయండి. పొడి గుడ్డతో దులిపితే ఆ బూజంతా గదిలోకే లేస్తుంది.

పుస్తకాల అర మధ్యలో కుంగింది

బరువు, చెమ్మ కలిసి చేసే పని. అరని తిరగేసి పెట్టండి, మధ్యలో ఒక నిలువు చెక్క ఆనించండి. అంతే.

గాలిలో చెమ్మ సంగతి

నీళ్లు తగలకుండా అన్నీ చేశాక కూడా వానాకాలంలో తలుపులు బిగుసుకుంటుంటే అప్పుడు గాలిని అనుమానించండి. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనుక్కోవచ్చు, లేదా వంటింట్లో ఉప్పు చూడండి. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారుతుంది, కళ్లుప్పు ఇంకాస్త ముందే. ఉప్పు డబ్బా చెమర్చిన రోజు కిటికీలు బార్లా తీసి వార్డ్‌రోబ్‌కి గాలి పట్టిద్దాం అనుకోవద్దు, బయటి తడిని లోపలికి పిలిచినట్టవుతుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో గంట నడిపి, అప్పుడు తలుపులు తెరిచి పెట్టండి. అరల్లో పెట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బాగానే పనిచేస్తాయి గానీ అడుగున చేరిన నీళ్లు ఒలికితే బట్టలూ హింజ్‌లూ పాడవుతాయి, కాబట్టి కింది అరలో ఒక గిన్నెలో పెట్టి వారానికోసారి చూసుకోండి.

బాగుచేయాలా, వదిలేయాలా అనేదానికి నేను చేసే పరీక్ష, బొటనవేలి గోరుతో అంచుని నొక్కడం. గోరు దిగకపోతే పైవన్నీ చేయొచ్చు. దిగితే ఆ పలక అయిపోయింది, కార్పెంటర్‌ని పిలిచి అదొక్కటీ తీయించి నీళ్లని బాగా తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ప్లైవుడ్ వేయించండి, మిగతా పెట్టె నిక్షేపంగా పనికొస్తుంది. సింక్ కింద కప్‌బోర్డు అడుగు పలక అయితే గోరు పరీక్ష కూడా అక్కర్లేదు, ఎలాగూ మళ్లీ కారుతుంది, ఈసారి పీవీసీ బోర్డు వేయించేయండి.