బెంగళూరు బడిలో తెలుగు పిల్లలు: ఇంగ్లిష్ సమస్యలు, పరిష్కారాలు

అనంతపురం, కర్నూలు, మదనపల్లె నుంచి పని మీద బెంగళూరు వచ్చేవాళ్లు ముందు ఇల్లు చూసుకుంటారు, ఆ తర్వాత బడి. మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఇలా వచ్చి చేరే పిల్లలు ఏటా కనిపిస్తారు. కొన్నాళ్లకే "మీవాడు వెనకబడ్డాడు" అని కబురొస్తుంది. ఎక్కడ వెనకబడ్డాడో చూడకుండా ట్యూషన్‌లో వేస్తే డబ్బు దండగ. ముందు ఒక పరీక్ష చేయండి: అదే పని తెలుగులో చేయించి చూడండి. తెలుగులో వచ్చి ఇంగ్లిష్‌లో రాకపోతే చిక్కు భాషతో. తెలుగులోనూ రాకపోతే పాఠమే రాలేదు.

సమస్య: కూడికలు, తీసివేతలు చకచకా చేస్తాడు, వర్డ్ ప్రాబ్లమ్స్‌లో సున్నా

"రవి హాజ్ 12 మార్బుల్స్. హీ హాజ్ 5 మోర్ దాన్ సీత. హౌ మెనీ డజ్ సీత హావ్?" పిల్లాడి కంటికి 12, 5, మోర్ కనపడతాయి. కూడేసి 17 రాస్తాడు. అదే లెక్క నోటితో చెప్పండి: "రవి దగ్గర 12 గోళీలున్నాయి. సీత కన్నా రవికి 5 ఎక్కువ. సీతకెన్ని?" కాసేపు ఆలోచించి 7 అన్నాడంటే లెక్క వచ్చినట్టే. తెలుగులోనూ 17 అంటే మాత్రం గోళీలు ముందేసుకుని కూర్చోవాల్సిందే.

కారణం సగం భాష, సగం మన ట్యూషన్లు. 'మోర్' కనిపిస్తే కూడు, 'లెఫ్ట్' కనిపిస్తే తీసెయ్ అని నూరిపోస్తారు. నా దృష్టిలో ఈ చిట్కా చేసినంత చెరుపు ఇంగ్లిష్ రాకపోవడం కూడా చేయదు.

పరిష్కారం: పెన్సిల్ పట్టకముందే ప్రశ్నను తన మాటల్లో తెలుగులో చెప్పించండి. తర్వాత బొమ్మ గీయమనండి, రెండు గీతలైనా చాలు. క్లాస్ టెస్టులో ప్రశ్నను ఒకసారి పైకి చదివి వినిపించమని టీచర్‌ని అడగండి. "లెక్క తెలుసు మేడమ్, ప్రశ్న అర్థం కావట్లేదు" అని చెప్పి, తెలుగులో చేసిన లెక్కల కాగితం చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

సమస్య: ఇంట్లో వాగుడుకాయ, బడిలో మూగనోము

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వింటూ ఉండిపోవడం మామూలే. బలవంతంగా లేపి మాట్లాడిస్తే ఇంకా బిగుసుకుంటారు. చేయి చూపించి, బొమ్మ గీసి జవాబు చెప్పే వీలివ్వాలి. క్లాసులో ఇంకో తెలుగు పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టమనండి. "మే ఐ గో టు ది టాయిలెట్", "ప్లీజ్ సే ఇట్ అగైన్" లాంటి అవసరానికి పనికొచ్చే నాలుగు వాక్యాలు ఇంట్లోనే పలికించండి. టాయిలెట్ అడగలేక సాయంత్రం దాకా బిగబట్టుకునే పిల్లలుంటారు, ఆ టెన్షన్ ముందు తీరాలి. తెలుగు పిల్లల మధ్య కూడా నెలల తరబడి మాట్లాడకపోతే అది ఇంగ్లిష్ సంగతి కాదు, చెవులు పరీక్ష చేయించి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

సమస్య: ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది, సైన్సు, సోషల్‌లో మార్కులు రావు

ఆటల ఇంగ్లిష్ వేరు, పాఠం ఇంగ్లిష్ వేరు. ఈ తేడాను 1979లో వివరించింది కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్. వలస వచ్చిన పిల్లలకు మాట్లాడే భాష సుమారు రెండేళ్లలో పట్టుబడితే, చదువు భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన అంచనా. అదీ వీధిలో, అంగడిలో ఇంగ్లిషే వినపడే దేశంలో. మనకింకా ఓపిక కావాలి.

రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రాత్రే తెలుగులో చెప్పుకోవడం బాగా పనిచేస్తుంది. నీళ్లు ఆవిరై, మబ్బై, వానై కురవడం తెలుగులో తెలిసిన పిల్లకి మర్నాడు కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలే. దీనికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకాలు భలే ఉపయోగం: ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. సిలబస్ అచ్చంగా కలవకపోయినా ఊరెళ్లినప్పుడు చుట్టాల పిల్లల పాత పుస్తకాలు తెచ్చుకోండి.

సమస్య: రాతలో 'ఎ', 'ది' ఉండవు, ప్రశ్న తిరగబడుతుంది

"వేర్ ఆర్ యు గోయింగ్" బదులు "వేర్ యు ఆర్ గోయింగ్" అని రాస్తే అది తెలివితక్కువతనం కాదు. తెలుగులో ప్రశ్న కోసం మాటల వరస మారదు, 'ఎ', 'ది' లాంటివి అసలు లేవు. పేజీ నిండా ఎర్రగీతలు పెట్టకుండా వారానికి ఒక రకం తప్పు దిద్దండి.

సమస్య: ఇంగ్లిష్‌కి తోడు కన్నడ కూడానా!

కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లోనూ కన్నడ నేర్పాలి. దీనికి బెంగపడకండి. రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవి, తెలుగు చదవడం వచ్చినవాడు కన్నడ అక్షరాలు తొందరగానే పట్టేస్తాడు.

సమస్య: "ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి" అంటోంది బడి

మీకు ధారాళంగా వస్తే సరే. రాకపోతే మాత్రం వద్దు. "కమ్", "ఈట్", "స్లీప్"లతో నడిచే ఇంట్లో పిల్లలకి కథ ఉండదు, వాదన ఉండదు, ఎందుకు, ఏమిటి అనే మాటే ఉండదు. అవన్నీ తెలుగులో జరగనివ్వండి.

సమస్య: ఒక క్లాసు వెనక్కి వేస్తామన్నారు

వెంటనే సంతకం పెట్టకండి. పాత బడి నోటుపుస్తకాలు తీసుకెళ్లండి. తెలుగు చదవగలిగిన టీచర్ చాలా బెంగళూరు బడుల్లో ఒకరైనా ఉంటారు, వాళ్లచేత నోటిమాటగా పరీక్ష పెట్టించమని అడగండి. తెలుగులో ఆ క్లాసు పాఠాలు వస్తుంటే అదే క్లాసులో ఉంచి, మొదటి టర్మ్ వరకు గడువిమ్మని రాతపూర్వకంగా కోరండి.