పాత టీ పెట్టె పాడైందా? ముందు దాని మీది నగిషీ చూడండి

ఇంగ్లండులో ఒకప్పుడు టీ ఆకును తాళం వేసిన చెక్కపెట్టెలో దాచుకునేవారు. తాళంచెవి ఇంటావిడ దగ్గరే ఉండేది. టీ మీద పన్నే 119 శాతం మరి! 1784లో దాన్ని 12.5 శాతానికి దించాకే టీ మామూలు ఇళ్లకు చేరింది, దాంతోపాటు ఈ పెట్టెలూ పెరిగాయి. వీటిని టీ క్యాడీలంటారు. మలయ్ భాషలో సుమారు 600 గ్రాముల తూకాన్ని ‘కాటి’ అంటారు, ఈ మాట అక్కడిదే.

ఇప్పుడివి వేలంపాటల్లోనో, విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిన కానుకగానో మన ఇళ్లకు వస్తున్నాయి. వచ్చిన కొన్నాళ్లకే ఏదో ఒకటి ఊడుతుంది. మీద ఉన్న నగిషీ ఏ రకమో గుర్తుపడితే సగం రోగం తెలిసినట్టే. ఒక్కో అలంకారానిది ఒక్కో బలహీనత.

పైపొర లేచింది, గోటితో తడితే డొల్లగా మోగుతోంది

1780-1800 మధ్య చేసిన పెట్టెల్లో ఇది మామూలే. లోపల చవక చెక్క, దాని మీద మహాగనీ లేదా శాటిన్‌వుడ్ పల్చటి తాపడం, నడుమ సముద్రపు చిప్ప బొమ్మ. చలిదేశంలో హీటర్, మన దగ్గర ఏసీ, రెండూ గాలిలో తేమను లాగేస్తాయి. లోపలి చెక్క కుంచించుకుపోతుంది, పాత జిగురు పెళుసవుతుంది, పొర లేస్తుంది.

ఆ కాలపు జిగురు జంతువుల తోలు, ఎముకల నుంచి తీసింది. వేడి, తేమ తగిలితే మళ్లీ కరుగుతుంది. కాబట్టి మరమ్మతుకూ అలాంటిదే వాడాలి. వేడిచేసిన జిగురును పల్చటి బ్లేడుతో పొర కిందికి పంపి, పైకి వచ్చినదాన్ని తుడిచి, మైనం కాగితం పరిచి, చదునైన చెక్క పెట్టి, ఒక రోజంతా బరువు ఉంచండి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు. నా మొదటి పెట్టెకు నేను చేసిన ఘనకార్యం అదే. తర్వాత మరమ్మతు తెలిసినాయన దాన్ని విప్పలేక, పొరలో కొంత ముక్కే కోసేయాల్సి వచ్చింది.

ఇంకో మాట. ఆ చిప్ప బొమ్మలో కనిపించే నీడలు రంగు కాదు. చెక్క ముక్క అంచును వేడి ఇసుకలో ముంచి కమిలేలా చేస్తారు. శాండ్‌పేపర్ పట్టారంటే నీడలన్నీ పోయి బొమ్మ చప్పిడిగా మిగులుతుంది.

ఇత్తడి తీగ పైకి లేచి గుడ్డకు తగులుకుంటోంది

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చిన రోజ్‌వుడ్ పెట్టెలివి. రాతి శవపేటిక ఆకారం, పక్కన సింహం మొహాలకు రింగులు, పైన ఇత్తడి గీతలు. చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, ఇత్తడి తన కొలతలోనే ఉంటుంది. ఇంక చోటు చాలక పైకి వంగుతుంది. సుత్తితో కొట్టి దించకండి, చుట్టూ ఉన్న పొర పగులుతుంది. గాడిలోని పాత జిగురు శుభ్రం చేసి, తీగను మూల దగ్గర వెంట్రుకవాసి అరగదీసి అతకాలి. అది చెయ్యి తిరిగినవాళ్ల పని. అప్పటిదాకా ఆ పెట్టెను గుడ్డతో తుడవకండి, మెత్తటి బ్రష్ చాలు.

పైభాగం బంకబంకగా ఉంది

కరోనా రోజుల్లో శానిటైజర్‌తో తుడిచారా? పాత పాలిష్ చాలావరకు లక్కదే. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. ముట్టుకోకుండా కొన్ని వారాలు ఆరనివ్వండి. గట్టిపడ్డాక కూడా మచ్చ కనిపిస్తే పాలిష్ పని తెలిసినవాళ్లకు చూపించండి.

లోపల తెల్లటి పొడి

బూజు అనుకుని ఊదకండి! ఆకు వాసన పోకుండా లోపల సీసం కలిసిన రేకు అంటించేవారు. మూసి ఉన్న పెట్టెలో చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. ఆ పొడి విషం. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్క్ వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పొడిగా గీకొద్దు. అందులో మళ్లీ టీ పొడి పోయాలన్న ముచ్చట ఉంటే మానుకోండి.

మొజాయిక్ బొమ్మ వెలిసిపోయింది

ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు ఊరు టన్‌బ్రిడ్జ్ వెల్స్ పనితనం ఇది. రంగురంగుల చెక్కపుల్లలను కట్టగా అతికి, అడ్డంగా పల్చటి బిళ్లలు కోస్తారు. అందులోని ఆకుపచ్చ, శిలీంధ్రం పట్టిన ఓక్ చెక్కది. ఎండకు పోయిన రంగు తిరిగి రాదు. కిటికీ దగ్గర నుంచి జరపండి, అంతే.

దంతపు పెట్టె మీద నల్లగీతలు చెరిగిపోతున్నాయి

ఇది మన విశాఖపట్నం పని అయ్యుండొచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివాళ్లు చెక్క మీద ఏనుగుదంతం బిళ్లలు తాపి, పూలతీగలు సన్నగా గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆకారాలు దొరలవి, చెయ్యి మనవాళ్లది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పనితనం చూడొచ్చు.

గీతలు పోవడానికి కారణం సాధారణంగా మన శుభ్రమే. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండో నిమ్మకాయో పెట్టి తోముతారు. పులుపు దంతాన్ని తింటుంది. నీళ్లు దాన్ని ఉబ్బించి వంచుతాయి, అప్పుడు లక్క పలుకులుగా రాలుతుంది. పొడి బ్రష్ తప్ప ఏదీ వద్దు. ఖాళీ గీతల్లో ఇంకు నింపితే దంతం పీల్చుకుని చుట్టూ మరకవుతుంది. పసుపురంగు మురికి కాదు, చీకట్లో ఉన్న దంతం అలాగే పసుపెక్కుతుంది.

అమ్మే ఆలోచన ఉంటే ఆగండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నేరం. వారసత్వంగా వచ్చినదైనా యాజమాన్య ధ్రువపత్రం ఉందో లేదో చూసుకోండి. బ్రిటన్‌లోనూ 2022 నుంచి కఠినమైన చట్టం అమల్లో ఉంది.

పండు ఆకారం పెట్టె: అసలా నకిలీనా?

ఆపిల్, పియర్ ఆకారాల్లో తరిణె పట్టిన పెట్టెలకు ధర ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. నడుం దగ్గర వెర్నియర్‌తో (సన్నటి తేడాలు కూడా పట్టే కొలత పరికరం) నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వ్యాసం కొలవండి. చెక్క పోగు వెంట దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. రెండు వందల ఏళ్లయిన గుండ్రని పెట్టె కచ్చితంగా గుండ్రంగా ఉండదు. నేను మోజుపడి కొన్న పియర్ పండు ఎటు కొలిచినా ఒకే లెక్క వచ్చింది. పైగా బందుల మరలకు సూదిమొన, అది 1840ల తర్వాతి సంగతి. ఇప్పుడు దాంట్లో మా ఆవిడ చొక్కా గుండీలు వేసుకుంటోంది.