ఇంజిన్ పార్ట్‌కి ఏ లోహం? ముందు అది ఎలా పాడవుతుందో రాసుకోండి

"అన్నిటికంటే గట్టి లోహం ఏదైతే దాంతోనే చేసివ్వండి" అంటూ చాలామంది నా దగ్గరికి డ్రాయింగ్ తెస్తారు. లేత్, మిల్లింగ్ మెషీన్ల మీద రేసు ఇంజిన్లకు పార్టులు చేయడం నా పని. డ్రాయింగ్ విప్పకముందే నేను అడిగేది ఒకటే: ఈ పార్ట్ పోతే ఎలా పోతుంది? విరుగుతుందా, అరుగుతుందా, వేడికి మెత్తబడుతుందా, వదులవుతుందా? అది కాగితం మీద రాసుకున్నాకే లోహం పేరెత్తండి.

వదులవడం సంగతి నాకు ఒక బేరింగ్ హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) నేర్పింది. 7075-టీ6 అనే గట్టి అల్యూమినియం గ్రేడ్‌లో 50 మి.మీ. బోర్ (రంధ్రం) తీసి, బేరింగ్‌కి 0.03 మి.మీ. టైట్ ఇచ్చాను, అంటే బోర్‌ని బేరింగ్ కంటే అంత చిన్నగా ఉంచాను. ప్రెస్ మీద బిగువుగా దిగింది. ఇంజిన్ బాగా వేడెక్కి నడిచాక విప్పి చూస్తే, బేరింగ్ బయటి రింగు హౌసింగ్‌లోనే తిరిగేసింది. బోర్ లోపల అద్దంలా నున్నగా అయిపోయింది, ఆయిల్‌లో బూడిదరంగు మడ్డి. డిగ్రీ వేడికి మీటరుకు అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది, ఉక్కు సుమారు 12. అంటే 100 డిగ్రీలు పెరిగితే ఆ బోర్ 0.115 మి.మీ. సాగుతుంది, బేరింగ్ 0.06 మాత్రమే. తేడా 0.055. నేనిచ్చిన 0.03 అంతకు ముందే అయిపోయింది. ఈ లెక్క మెషీన్ ఆన్ చేయకముందే వేయాల్సింది. రెండోసారి ఆ హౌసింగ్ ఉక్కుతో చేశాను. బరువు పెరిగింది, బేరింగ్ మాత్రం కదల్లేదు.

వేడి విషయంలోనూ 7075 చాలామందిని మోసం చేస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో దాని యీల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా ఓర్చుకునే హద్దు) 500 మెగాపాస్కల్స్ దగ్గర, మరో అల్యూమినియం గ్రేడ్ 6061-టీ6ది 275 దగ్గర. కానీ 7075కి ఆ బలం వచ్చిందే 120 డిగ్రీల దగ్గర ఏజింగ్ చేసినందువల్ల, అంటే ఆ వేడిలో గంటల తరబడి ఉంచినందువల్ల. పార్ట్ అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు నడిస్తే ఆ బలం తరిగిపోతుంది. అందుకే ఫోర్జ్‌డ్ (వేడి చేసి నొక్కి మలిచిన) పిస్టన్లకు 2618, 4032 అనే అల్యూమినియం గ్రేడ్లు వాడతారు. 4032లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి తక్కువ వ్యాకోచిస్తుంది, సిలిండర్‌తో క్లియరెన్స్ (ఖాళీ) తక్కువ సరిపోతుంది. 2618 డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది, క్లియరెన్స్ మాత్రం ఎక్కువ ఇవ్వాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గరికి వస్తే అల్యూమినియం మాటే లేదు. అక్కడ వేడికి ఓర్చే స్టీల్ గానీ ఇన్‌కొనెల్ లాంటి నికెల్ మిశ్రమం గానీ కావాలి.

పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌కి అసలు శత్రువు ఫెటీగ్, అంటే మళ్లీ మళ్లీ పడే లోడ్‌కి లోహం అలసి పగలడం. పిస్టన్ రాడ్‌ని గుంజే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది: 6000 నుంచి 9000కి పోతే 2.25 రెట్లు. ఇక్కడ నా మొదటి ఎంపిక 4340 స్టీల్. స్టీల్‌కి ఒక హద్దు ఉంటుంది, లోడ్ దానికి లోపల ఉంటే చాలాకాలం నిలుస్తుంది. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు, అందుకే అల్యూమినియం రాడ్లను పగలకపోయినా లెక్క ప్రకారం మార్చేస్తారు. ఏ లోహమైనా సరే, మూలల్లో ఫిల్లెట్ (గుండ్రటి వంపు) ఉదారంగా ఇవ్వండి. షాంక్ (రాడ్ మధ్య పొడవు భాగం) మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరుకు తగిలే టూల్ గీత ఉంటే క్రాక్ అక్కడే మొదలవుతుంది. రాడ్ పొడవు వెంబడి పాలిష్ చేసి దాన్ని తీసేయండి.

టైటానియం మీద మోజు ఎక్కువ. బరువు స్టీల్‌లో సగానికి కొంచెం ఎక్కువ, నిజమే. కానీ వంగకుండా నిలిచే గుణం కూడా దాదాపు సగమే, కాబట్టి అదే ఆకారంలో చేస్తే ఎక్కువ వంగుతుంది. పైగా రుద్దుకునే చోట పట్టేస్తుంది, కోటింగ్ తప్పనిసరి. వాల్వ్ స్ప్రింగ్‌ని పట్టి ఉంచే రిటైనర్‌కి చక్కగా పనికొస్తుంది.

అరిగే పార్ట్‌కి నైట్రైడింగ్ (నైట్రోజన్ ఎక్కించి పైపొరను గట్టిపరచడం) చేయించాలనుకుంటే, అది 500 డిగ్రీల దగ్గర జరుగుతుంది. స్టీల్‌ని ముందే అంతకంటే ఎక్కువ వేడి దగ్గర టెంపర్ (గట్టిపరిచాక పెళుసుతనం తగ్గేలా మళ్లీ వేడి చేయడం) చేసి ఉండాలి, లేకపోతే లోపలి భాగం మెత్తబడుతుంది. బాగా గట్టిపరిచిన స్టీల్‌కి ప్లేటింగ్ వేస్తే, వెంటనే ఓవెన్‌లో బేక్ చేయించండి. ప్లేటింగ్‌లో లోహంలోకి చేరిన హైడ్రోజన్ లోపల ఉండిపోతే పార్ట్ పెళుసై, ఏ సూచనా లేకుండా విరుగుతుంది.

బార్ కొనేటప్పుడు మెటీరియల్ సర్టిఫికేట్ అడగండి, అందులోని హీట్ నంబర్ (ఆ లోహం కరిగించిన విడత నంబర్), బార్ కొస మీద ఉన్న నంబర్ ఒకటేనా చూడండి. కోసేటప్పుడు నంబర్ లేని కొస వైపు నుంచి కోయండి. మిగిలిన ముక్క ఏ గ్రేడో ఆరు నెలల తర్వాత కూడా తెలియాలి.